ఈథర్‌నెట్ పుట్టుపూర్వోత్తరములు

‘ఈథరు’ అను మాటకు పాశ్చాత్య శాస్త్ర చరిత్రలో విచిత్రమైన గతి పట్టినది. వెలుగు అల వలె ప్రయాణించునని 19వ శతాబ్దపు భౌతిక శాస్త్రజ్ఞులు నిశ్చయించుకొనిరి. నీరు లేనిదే నీటి అల లేదు. గాలి లేనిదే చెవికి శబ్దము చేరదు. అట్లే వెలుగు అలలను మోయుటకు, అంతటను వ్యాపించి, కంటికి కానరాక, తూకమునకు లొంగక ఉండు పదార్థ మొకటి ఉండి తీరవలెనని వారు ఊహించి, దానికి గ్రీకు భాష నుండి వచ్చిన ఈ పేరు పెట్టిరి. శబ్దమునకు ఆశ్రయము ఆకాశమని చెప్పిన భారతీయ తార్కికుల మాట ఎఱిగిన తెలుగు పాఠకులకు ఈ ఊహ అంత క్రొత్తగా తోచదు. కాని 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున మైకెల్సన్, మోర్లే అను ఇరువురు చేసిన సూక్ష్మ పరీక్షకు ఈథరు జాడ చిక్కలేదు. 1905లో ఐన్‌స్టైన్ సిద్ధాంతము వెలువడిన పిమ్మట దానితో పనియే లేకపోయినది.

శాస్త్రము విడిచిపెట్టిన ఆ మాటను 1973లో కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక యువ ఇంజనీరు ఏరుకొని, ఒక గదిలోని కంప్యూటరును మరియొక గదిలోని కంప్యూటరుతో కలుపు ఏర్పాటునకు పెట్టెను. అదియే ఈథర్‌నెట్. నేడు కార్యాలయముల గోడలలో అమర్చిన చిన్న చతురపు రంధ్రములు, వానిలో ‘టిక్కు’మని ఇమిడిపోవు తీగలు ఈ ఏర్పాటునకు చెందినవే. బ్యాంకు, రైల్వే రిజర్వేషను కార్యాలయము, ఆసుపత్రి, విశ్వవిద్యాలయము — ఇది లేని చోటు అరుదు.

ఈ చరిత్ర ఇంజనీర్లకు మాత్రమే పనికివచ్చునది కాదు. ఇందులో రెండు పాత ప్రశ్నలు దాగియున్నవి. అనేకులు ఒకే సాధనమును పంచుకొనవలసివచ్చినపుడు, పైన ఒక అధికారి కూర్చుండి వంతులు వేయకపోయినను క్రమము నిలుచునా అనునది మొదటి ప్రశ్న. ఒక సంస్థ తన సొమ్ముతో కనిపెట్టిన విద్యను లోకమునకు పంచియిచ్చినచో నష్టపోవునా, లాభపడునా అనునది రెండవది. ఈ రెండు ప్రశ్నలకును ఈథర్‌నెట్ చరిత్ర చెప్పు సమాధానములు ఆలోచింపదగినవి.

హవాయి దీవులలో అంకురము

కథ తీగతో మొదలు కాలేదు, ఆకాశముతోనే మొదలైనది. పసిఫిక్ మహాసముద్రమున హవాయి దీవులు ఒకదానికొకటి దూరముగా పరచుకొనియున్నవి. అక్కడి విశ్వవిద్యాలయపు ప్రధాన కంప్యూటరు ఓవాహు దీవిలోని మనోవా లోయలో ఉండెను. ఇతర దీవులలోని శాఖల వారు దానిని వాడుకొనవలెనన్నచో టెలిఫోను తీగలే గతి. అవి ఖర్చుతో కూడినవి, పైగా మాటలకు ఏర్పడినవే గాని కంప్యూటరు పనికి ఏర్పడినవి కావు. మనుష్యుడు మీటలు నొక్కునపుడు ఒక క్షణము అక్షరములు పోవును, తరువాత చాలసేపు ఏమియు పోదు. అట్టి పనికి తీగ నొకదానిని దినమంతయు కేటాయించుట, ఒక్క ఉత్తరమునకై రైలుబండి నంతటిని కట్టుకొనుట వంటిది.

నార్మన్ అబ్రామ్‌సన్ అను ఆచార్యుడు తన సహచరులతో కలిసి ఈ చిక్కునకు రేడియో మార్గమును వెదకెను. 1971 జూన్ మాసమున పని ప్రారంభించిన ఆ ఏర్పాటునకు ‘అలోహా నెట్’ అని పేరు. హవాయి భాషలో ‘అలోహా’ యనగా వచ్చువారికిని పోవువారికిని చెప్పు ఆదరపు పలుకు. అందలి నియమము మిక్కిలి సరళమైనది. దూరపు కేంద్రములన్నియు ఒకే రేడియో పౌనఃపున్యముపై పంపవచ్చును. చెప్పదలచినది ఉన్నవాడు అనుమతి అడుగక చెప్పివేయవచ్చును. ప్రధాన కేంద్రమునకు సందేశము చక్కగా చేరినచో అది ‘ముట్టిన’దని తిరుగు కబురు పంపును. ఇద్దరు ఏకకాలమున పంపినచో రెండును కలగాపులగమై చెడిపోవును. తిరుగు కబురు రాదు. అపుడు ఆ ఇద్దరును కొంతసేపు ఆగి మరల పంపవలెను. అయితే ఎంతసేపు ఆగవలెనన్నది ఎవరికి వారు చీట్లు వేసికొన్నట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించుకొందురు. ఇద్దరును సమానముగా ఆగినచో మరల ఢీకొందురు గదా!

ఇందులోని లోపము లెక్కలకు అందినది. ఎవరు ఎపుడు మాటలాడినను అడ్డు లేదన్నచో, ఆ మార్గమునకు గల శక్తిలో నూటికి 18 పాళ్లకు మించి వాడుకొనుట సాధ్యము కాదని తేలెను. కాలమును సమాన భాగములుగా కోసి, ప్రతివాడును భాగారంభముననే మాట మొదలుపెట్టవలెనను కట్టుబాటు చేసినచో ఆ శక్తి రెట్టింపై నూటికి 37 పాళ్ల దరికి చేరును. అంతకు మించి మెఱుగు కావలెనన్నచో మఱియొక ఊహ కావలెను. ఆ ఊహ రెండువేల మైళ్లకు పైబడిన దూరమున, కాలిఫోర్నియా తీరమున పుట్టినది.

పాలో ఆల్టోలో 1973వ సంవత్సరము

నకళ్లు తీయు యంత్రములకు ప్రసిద్ధి కెక్కిన జిరాక్స్ కంపెనీ 1970లో పాలో ఆల్టో నగరమున ఒక పరిశోధనాలయమును నెలకొల్పెను. అక్కడ ‘ఆల్టో’ అను పేర ఒక క్రొత్త రకపు కంప్యూటరు సిద్ధమగుచుండెను. ఒక గదికి ఒక మహాయంత్రము గాక, ఒక మనిషికి ఒక చిన్న యంత్రము — ఇది ఆనాటికి సాహసపు ఊహ. అదే భవనమున లేజరు కిరణముతో సెకనుకు ఒక పుట చొప్పున అచ్చు వేయగల ప్రింటరు కూడ తయారగుచుండెను. ప్రింటరు ఒకటి, కంప్యూటర్లు అనేకములు. అన్నియు ఆ ఒక్క ప్రింటరును పంచుకొనవలెను. పుట పుటకు లక్షల కొలది బిట్లు క్షణములో చేరవలెను. కలుపుట ఎట్లు? ఈ పని రాబర్ట్ మెట్‌కాఫ్ అను యువకునకు అప్పగింపబడినది.

మెట్‌కాఫ్ 1946లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమున జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరేటు కొఱకు అతడు సమర్పించిన సిద్ధాంత వ్యాసమును, అందు సిద్ధాంతము చాలలేదని 1972లో పరీక్షకులు త్రోసిపుచ్చిరి. అప్పటికే అతనికి జిరాక్స్ పరిశోధనాలయమున ఉద్యోగము ఖాయమైయుండెను. ఆ సంవత్సరముననే వాషింగ్టన్ నగరమున మిత్రుని ఇంట బస చేసిన ఒక రాత్రి అబ్రామ్‌సన్ వ్రాసిన వ్యాసము అతని కంటబడెను. అందలి గణితమున అతనికి ఒక చిక్కు కనబడినది. జవాబు రాకున్నను జనులు ఎడతెగక మీటలు నొక్కుచునే యుందురని ఆ లెక్క భావించినది. నిజమునకు జవాబు రానివాడు ఆగి కనిపెట్టుకొనియుండును. ఈ లోకరీతిని లెక్కలోనికి తెచ్చి, రద్దీని బట్టి ఆగు కాలమును పెంచుకొనుచు పోయినచో ఏర్పాటు కుప్పకూలదని మెట్‌కాఫ్ నిరూపించెను. హవాయికి పోయి ఆ పనిని దగ్గఱనుండి చూచివచ్చెను. ఆ అధ్యాయముతో కూడిన వ్యాసము 1973లో ఆమోదింపబడెను. త్రోసివేయబడిన గ్రంథమును సరిదిద్దుకొనుటకై చేసిన శ్రమ లోకోపకారమునకు దారితీసినది.

1973 మే 22వ తేదీన అతడు తన పై అధికారులకు ఒక మెమో వ్రాసెను. అంతకు ముందు ‘ఆల్టో అలోహా నెట్‌వర్కు’ అని పిలువబడిన దానికి అందు ‘ఈథర్‌నెట్’ అని నామకరణము చేసెను. ప్రత్యేకముగా ఎవరి పక్షమును వహింపక, తనపై పడిన సందేశము నెల్ల అందఱికిని సమముగా మోయు జడసాధనము గనుక దానికి పాత ఈథరు పేరు తగియున్నదని అతని ఊహ. ఆ సాధనము లోహపు తీగయే కానక్కరలేదు, రేడియో కావచ్చును, మఱియొకటి కావచ్చునని ఆ మెమోలోనే సూచింపబడుట గమనింపదగినది.

ఊహ మెట్‌కాఫ్‌ది కాగా, దానిని యంత్రముగా నిలబెట్టినవాడు డేవిడ్ బాగ్స్. చిన్ననాటి నుండి రేడియోలతో కుస్తీపట్టిన బాగ్స్‌కు తీగలలోని విద్యుత్తు పోకడలు చేతివ్రేళ్ల మీది సంగతులు. ఇరువురును కలిసి చేసిన ఏర్పాటు అదే సంవత్సరము నవంబరు 11వ తేదీన తొలిసారి పనిచేసినది. దాని వేగము సెకనుకు 29 లక్షల 40 వేల బిట్లు. ఆల్టో యంత్రపు గడియారము కొట్టు తాళమునకు సరిపోవునట్లు ఎన్నుకొనుటచే ఆ వేగము అట్టి విషమ సంఖ్య అయినది. 1976 జూలైలో ఇరువురును ప్రకటించిన వ్యాసము వలన ఈ విద్య లోకమునకు తెలిసినది. మెట్‌కాఫ్, బాగ్స్, థాకర్, లాంప్‌సన్ అను నలువురి పేర జిరాక్స్ కంపెనీకి 1977 డిసెంబరులో దీనిపై పేటెంటు లభించినది.

ముందు వినుము, తరువాత పలుకుము

అలోహా పద్ధతికిని ఈథర్‌నెట్‌కును గల భేదము మర్యాదలోనిది. అలోహాలో చెప్పదలచినవాడు చెప్పివేయును. ఈథర్‌నెట్‌లో ముందుగా చెవి యొగ్గి వినవలెను. తీగపై మఱియొకరి సందేశము పోవుచున్నచో ఊరకుండవలెను. నిశ్శబ్దము కలిగిన పిమ్మట, కొంచెము ఎడమిచ్చి పలుకవలెను. ఇది మొదటి నియమము.

ఇద్దరు ఒకేసారి నిశ్శబ్దమును గుర్తించి ఒకేసారి నోరు విప్పినచో? అందుచేత పలుకునపుడు కూడ వినుచుండవలెననునది రెండవ నియమము. తాను పంపినదియు తీగపై వినబడుచున్నదియు ఒకటి కానిచో ఘర్షణ జరిగినదని అర్థము. వెంటనే మాట ఆపివేసి, అందఱికిని ఘర్షణ తెలియునట్లు ఒక చిన్న గందరగోళపు సంకేతము నిచ్చి విరమింపవలెను. చెడిన సందేశమును చివరివఱకు పంపుచు కాలము వ్యర్థము చేయరాదు.

మూడవ నియమము ఓర్పునకు సంబంధించినది. మొదటిసారి ఢీకొన్నవాడు సున్న, ఒకటి అను రెండింటిలో ఒక అంకెను యాదృచ్ఛికముగా తీసికొని అన్ని వంతులు ఆగును. రెండవసారియు ఢీకొన్నచో నాలుగు అంకెలలో ఒకటి, మూడవసారి ఎనిమిదింటిలో ఒకటి — ఇట్లు రెట్టింపగుచు పదవసారికి 1024 అంకెల వఱకు పోవును. పదునాఱు పర్యాయములు ప్రయత్నించినను త్రోవ దొరకనిచో పంపలేకపోతినని ఒప్పుకొని విరమించును. రద్దీ పెరిగినకొలదిని ప్రతివాడును తనంతట తాను వెనుకకు తగ్గును. త్రోవ ఖాళీయైనకొలదిని ముందునకు వచ్చును. ఎవరును ఆజ్ఞాపింపరు, ఎవరును లెక్క వ్రాయరు.

అధ్యక్షుడు లేని సభ నొకదానిని ఊహించినచో ఇది బోధపడును. పెద్దమనుష్యులు కూడిన చోట ఒకరు మాటలాడుచుండగా మఱియొకరు అందుకొనరు. ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టినచో ఇద్దరును ఆగుదురు. ‘మీరు చెప్పుడు’ అని ఒకరు తగ్గుదురు. ఈ సభామర్యాదను విద్యుత్తునకు నేర్పుటయే ఈథర్‌నెట్ చేసిన పని.

ఈ మర్యాదకు ఒక హద్దు కలదు. విద్యుత్ సంకేతము ఎంత వేగముగా పోయినను తీగ ఈ కొన నుండి ఆ కొనకు చేరుటకు కొంత కాలము పట్టును. ఆ కొననున్నవాడు చివరి క్షణమున నోరు విప్పినచో ఆ ఘర్షణ వార్త మొదటివానికి తిరిగి చేరువఱకు అతడు ఇంకను మాటలాడుచునే యుండవలెను. లేనిచో ఘర్షణ జరిగినట్లే అతనికి తెలియదు. అందుచేత సెకనుకు కోటి బిట్ల ఈథర్‌నెట్‌లో 512 బిట్లకు, అనగా 64 బైట్లకు, తక్కువైన సందేశము పంపరాదని కట్టడి చేసిరి. దానికి పట్టు కాలము సెకనులో పది లక్షల వంతులుగా లెక్కించినచో 51.2 వంతులు. సందేశము మఱీ చిన్నదైనచో వట్టి అక్షరములతో పూరించి ఆ కొలతకు తెత్తురు.

కవరు మీది చిరునామా

తీగపై పోవు సందేశమునకు ‘ఫ్రేము’ అని పేరు. అది తపాలు కవరు వంటిది. మొదట వినువారిని మేలుకొలుపుటకై 8 బైట్ల తాళము. తరువాత చేరవలసినవాని చిరునామా 6 బైట్లు. పంపువాని చిరునామా 6 బైట్లు. లోపలి సరకు ఏ జాతిదో తెలుపు 2 బైట్లు. అటుపిమ్మట 46 నుండి 1500 బైట్ల వఱకు అసలు విషయము. చివర 4 బైట్ల సరిచూపు సంఖ్య. ఈ సరిచూపు సంఖ్య, పంపువాడు విషయమంతటిని ఒక లెక్కకు గుఱిచేసి వేసిన ముద్ర. అందుకొన్నవాడు మరల అదే లెక్క వేసి ముద్ర సరిపోనిచో ఆ కవరును నోరెత్తక పారవేయును. అందలి విషయమును మరల తెప్పించుకొనుట పై అంతస్తులోని వారి బాధ్యత. తాను చేయలేని వాగ్దానము చేయకుండుట ఈథర్‌నెట్ గుణములలో ఒకటి.

మొదటి ఏర్పాటులో చిరునామాకు 8 బిట్లే ఉండెను. అనగా 256 చిరునామాలు. ఒక భవనమునకు అది చాలును. 1980లో దానిని 48 బిట్లకు పెంచిరి. అపుడు లభించు చిరునామాలు 281 లక్షల కోట్లు. అందు మొదటి సగము తయారీదారునకు కేంద్రస్థానము నుండి కేటాయింపబడును. రెండవ సగము తయారీదారుడు తన యంత్రములకు వరుసగా ఇచ్చుకొనును. ఈ విధముగా ప్రపంచమున ఏ రెండు యంత్రములకును ఒకే చిరునామా రాకుండ ఏర్పాటు జరిగినది. ఒక భవనమున పది యంత్రములు కలుపుకొను దినములలో ఇంత దూరపు చూపు కొందఱికి దుబారాగా తోచియుండును. నలుబదియైదేండ్లు గడచినను ఆ చిరునామా మారలేదు.

సొత్తును పంచియిచ్చుట

పేటెంటు చేతనున్న కంపెనీ దానిని తన యంత్రములకే దాచుకొనవచ్చును. అట్లు జరిగియున్నచో ఈథర్‌నెట్ పేరు నేడు ఏ పురావస్తు ప్రదర్శనములోనో కనబడియుండును. మెట్‌కాఫ్ 1979లో జిరాక్స్‌ను విడిచి ‘త్రీకామ్’ అను కంపెనీని స్థాపించెను. అదే సమయమున డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను కంప్యూటరు కంపెనీకి సలహాదారుగా వ్యవహరించుచు, జిరాక్స్‌తో పోటీపడు మఱియొక పద్ధతిని సృష్టించుటకంటె ఆ కంపెనీతో చేయి కలుపుట మేలని చెప్పెను. చిప్పులు తయారుచేయు ఇంటెల్ కంపెనీ మూడవ భాగస్వామిగా చేరినది. ఆ మూడు కంపెనీల మొదటి అక్షరములతో ‘డిక్స్’ అని పేరుపడిన కూటమి 1980 సెప్టెంబరు 30వ తేదీన సెకనుకు కోటి బిట్ల ఈథర్‌నెట్ లక్షణములను గ్రంథముగా ప్రకటించినది. ఎవరైనను స్వల్ప రుసుము చెల్లించి ఆ ప్రకారము యంత్రములు తయారుచేయవచ్చును.

ఇంతలో అమెరికా విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంజనీర్ల సంస్థయగు ఐ ట్రిపుల్ ఇ 1980 ఫిబ్రవరిలో స్థానిక కంప్యూటరు జాలములకు ప్రమాణము నిర్ణయించుటకై ఒక సంఘమును నియమించెను. సంఖ్య 802. ఏకాభిప్రాయము కుదరలేదు. కర్మాగారముల వారు ఒక పద్ధతిని, ఐబిఎం కంపెనీ మఱియొక పద్ధతిని పట్టుపట్టిరి. కడకు సంఘము చీలి మూడు ప్రమాణములను వేఱువేఱుగా ఆమోదించినది. ఈథర్‌నెట్‌కు 802.3 అను సంఖ్య వచ్చినది; అది 1983లో ఆమోదము పొంది 1985లో అచ్చుపడెను.

ఐబిఎం పద్ధతికి ‘టోకెన్ రింగ్’ అని పేరు. అది పంక్తి భోజనము వంటిది. యంత్రములన్నియు వలయముగా కూర్చుండును. ‘టోకెన్’ అను బిళ్ల ఒకరి నుండి ఒకరికి చేతులు మారుచుండును. బిళ్ల చేతనున్నవాడే పలుకవలెను. వడ్డన తన విస్తరి వద్దకు ఎపుడు వచ్చునో ప్రతివానికి ముందుగనే తెలియును. ఘర్షణ లేదు, చీట్లు లేవు. పండితుల దృష్టిలో ఇది ఉత్తమ పద్ధతి. ఈథర్‌నెట్‌లో దురదృష్టవంతునకు వంతు ఎన్నటికిని రాకపోవచ్చునని, రద్దీలో అది కూలబడునని వారు వాదించిరి. ఐబిఎం 1985లో టోకెన్ రింగును విపణికి తెచ్చినది. 1989లో దాని వేగము సెకనుకు కోటి అఱువది లక్షల బిట్లకు పెరిగి, అంకెలలో ఈథర్‌నెట్‌ను మించినది.

ఈ వాదమునకు సమాధానము కొలత వలన వచ్చినది. బాగ్స్, మోగుల్, కెంట్ అను మువ్వురు 1988లో నిజమైన ఈథర్‌నెట్‌పై యంత్రములను పూర్తి రద్దీతో నడిపి ఫలితములు ప్రకటించిరి. పెద్ద ఫ్రేములు పంపునపుడు తీగ శక్తిలో చాలభాగము సద్వినియోగమగుచున్నదని, భయపడినట్లు కూలుట లేదని తేలెను. అంతకంటె బలమైన సమాధానము అంగడిలో లభించినది. ఈథర్‌నెట్ పరికరములు పలు కంపెనీలు చేయుటచే పోటీ వలన వెలలు పడిపోయినవి. టోకెన్ రింగ్ ప్రధానముగా ఒకే కంపెనీ అండను నమ్ముకొన్నది. దాని యంత్రభాగములు జటిలములు, ప్రియములు. మంచి వస్తువును దాచుకొన్నవాడు, సుమారైన వస్తువును పంచిపెట్టినవాని ముందు ఓడిపోయెను. కాలక్రమమున ఆ సుమారైన వస్తువే మెఱుగులు దిద్దుకొని ఉత్తమమైనది.

పసుపుపచ్చ తీగ నుండి టెలిఫోను తీగకు

మొదటి కాలపు ఈథర్‌నెట్ తీగ బొటనవ్రేలి మందమున, తఱచుగా పసుపుపచ్చని తొడుగుతో ఉండెడిది. దానిని భవనమున 500 మీటర్ల వఱకు పాము వలె పరచుదురు. రెండున్నర మీటర్ల కొకసారి దానిపై గుర్తులుండును. ఆ గుర్తు వద్ద తీగకు రంధ్రము చేసి, కోఱ వంటి సూదిని లోపలి రాగికి తగులునట్లు బిగించి యంత్రమును కలుపుదురు. దీనికి ‘రక్తపిశాచి కోఱ’ యని అమెరికా పనివారు ముద్దుపేరు పెట్టిరి. తరువాత చవుకైన సన్నని తీగ వచ్చినది. దాని పొడవు 185 మీటర్లు. రెండింటికిని ఒకటే వ్యాధి. అందఱును ఒకే తీగను పంచుకొనుట వలన ఎక్కడ ఒక బిగింపు ఊడినను ఆ తీగపైనున్న వారందఱికిని పని ఆగిపోవును. తప్పెక్కడ జరిగినదో వెదకుటకు ప్రతి బల్ల క్రిందను దూరవలసివచ్చెడిది.

ఈ వ్యాధికి మందు పాత టెలిఫోను తీగలో దొరికినది. రెండు సన్నని తీగలను త్రాడు వలె పెనవేసినచో బయటి విద్యుత్ అలజడి రెండింటిపైనను సమముగా పడి రద్దగునని టెలిఫోను జనకుడు గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందియుండెను. ప్రతి కార్యాలయమునను ఇట్టి జంటతీగలు ప్రతి బల్ల నుండి ఒక చిన్న గదికి పోయి కలియుచుండును. సినాప్టిక్స్ అను కంపెనీ వాటిపై సెకనుకు కోటి బిట్లు పంపవచ్చునని 1987 నాటికి చేసి చూపెను. 1990లో ఈ విధానము ప్రమాణమైనది. ప్రతి యంత్రమునకు 100 మీటర్లకు మించని ప్రత్యేకమైన తీగ. తీగలన్నియు ‘హబ్బు’ అను పెట్టెలో కలియును. ఒకని తీగ తెగినచో ఒకని పనియే ఆగును. పెట్టె మీది చిన్న దీపము ఆరినచో దోషము ఎవరిదో తెలియును. తీగ మారినను లోపలి మర్యాద మారలేదు. హబ్బులోని వారందఱును ఇంకను ఒకే సభలోని వారే.

త్రోవ తెలిసిన బంట్రోతు

సభ పెద్దదైనకొలదిని వినువారెక్కువై పలుకువారికి వీలు తగ్గును. దీనికి మార్గము సభను విడదీయుట. డిజిటల్ కంపెనీలో మార్క్ కెంఫ్ రూపొందించిన ‘బ్రిడ్జి’ 1986లో విపణికి వచ్చినది. క్రొత్తగా చేరిన తెలివిగల బంట్రోతు చేయు పనియే అది చేయును. అతనికి ఏ అధికారి ఏ గదిలో కూర్చుండునో ఎవరును చెప్పలేదు. కాని తన చేతికి వచ్చిన ప్రతి కవరు మీదను పంపినవారి పేరు చూచి, అది ఏ గది నుండి వచ్చినదో జ్ఞాపకముంచుకొనును. ఆ పేరిట తరువాత కవరు వచ్చినపుడు నేరుగా ఆ గదికే తీసికొనిపోవును. తెలియని పేరైనచో అన్ని గదులకును చూపును. కొద్దిసేపటిలో కార్యాలయమంతయు అతనికి కంఠస్థమగును.

ఒక్క ప్రమాదము కలదు. రెండు బ్రిడ్జిల నడుమ రెండు త్రోవలున్నచో ఒకే కవరు వలయములో అంతులేక తిరుగును. ఈథర్‌నెట్ కవరు మీద ఎన్నిసార్లు చేతులు మారినదో వ్రాయు అలవాటు లేదు. 1985లో అదే కంపెనీకి చెందిన రేడియా పెర్ల్‌మన్ అను విదుషి దీనికి పరిష్కారము కనిపెట్టెను. బ్రిడ్జిలు తమలో తాము సంప్రదించుకొని, ఒకదానిని మూలముగా ఎన్నుకొని, మిగులు త్రోవలను మూసివేసి, వలయము లేని వృక్షముగా ఏర్పడును. ఒక కొమ్మ విఱిగినచో మూసిన త్రోవను తెఱచి మరల వృక్షమగును. ఆమె ఈ విధానమును వర్ణించుచు ఒక చిన్న పద్యము కూడ వ్రాసెను.

బ్రిడ్జిని అనేక ద్వారములతో, మిక్కిలి వేగముగా పనిచేయునట్లు చేసినచో అది ‘స్విచ్చి’ యగును. 1990లో ఏడు ద్వారములతో తొలి ఈథర్‌నెట్ స్విచ్చిని విపణికి తెచ్చిన కంపెనీ పేరు తెలుగువారికి చిరపరిచితమైన సంస్కృత పదము — ‘కల్పన’. భారతీయ సంతతివాడైన వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్ కలిసి దానిని స్థాపించిరి. 1994లో సిస్కో కంపెనీ దానిని కొనివేసెను. స్విచ్చిలో ప్రతి యంత్రమునకు సొంత ద్వారముండును. పంపుటకు ఒక జంటతీగ, అందుకొనుటకు మఱియొక జంటతీగ ఉండుటచే ఇరువైపుల ఒకేసారి మాట సాగును. ఘర్షణయే లేదు. ఏ చిక్కును తీర్చుటకు మెట్‌కాఫ్ తన నియమములు వ్రాసెనో ఆ చిక్కే మాయమైనది. 2002లో ప్రమాణమైన వేయి కోట్ల బిట్ల ఈథర్‌నెట్‌లో ఘర్షణ నియమములకు చోటే లేదు.

వేగము, స్థైర్యము

వేగముల చరిత్రను త్వరగా చెప్పవచ్చును. సెకనుకు కోటి నుండి 1995లో పది కోట్లు. 1998లో గాజుతంతులపైనను, 1999లో రాగి జంటతీగలపైనను నూరు కోట్లు. 2002లో వేయి కోట్లు. 2010లో పది వేల కోట్లు. 2017లో నలుబది వేల కోట్లు. 2024లో ఎనుబది వేల కోట్ల బిట్లు. మొదటి ఏర్పాటుతో పోల్చినచో ఇది 2 లక్షల 70 వేల రెట్లకు మించినది. 2003 నుండి అదే తీగపై విద్యుత్తును కూడ పంపు ప్రమాణము ఏర్పడుటచే గోడ మీది టెలిఫోనునకు, కెమెరాకు వేఱుగా కరెంటు తీగ అక్కరలేకపోయినది.

తీగ మారినది, ఆకారము మారినది, ఘర్షణ పోయినది. అయినను పేరు నిలిచినది; దానితోపాటు కవరు మీది చిరునామా, 64 బైట్ల కనీసపు కొలత, 1500 బైట్ల హద్దు, చివరి సరిచూపు సంఖ్య నిలిచినవి. పాత యంత్రమును క్రొత్త స్విచ్చికి తగిలించినను రెండును ఒకరి మాట ఒకరికి తెలియజేసికొనగలవు. క్రొత్తదానికై పాతవారిని వెలివేయకుండుట ఈ దీర్ఘాయువునకు ముఖ్య కారణము. ఇంకొక వింత యేమనగా, 1997లో ప్రమాణమైన తీగలేని వైఫై మరల అబ్రామ్‌సన్ ఆకాశమునకే చేరినది. అందు పలుకునపుడే వినుట సాధ్యము కానందున ఘర్షణను గుర్తించుట గాక, ముందుగనే తప్పించుకొను నియమము పెట్టిరి. ముందు వినవలెనను పాఠము మాత్రము అదియే.

భారతదేశమున, పిదప

భారత ప్రభుత్వము 1976లో జాతీయ సమాచార కేంద్రమును నెలకొల్పెను. 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు సహాయముతో, ‘ఎర్నెట్’ను ప్రారంభించినది. అయిదు ఐఐటీలు, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేరు సాంకేతిక కేంద్రము, ఎలక్ట్రానిక్స్ శాఖ అందు తొలి భాగస్వాములు. నేడు సచివాలయమున ఎఱ్ఱ నాడా విప్పి నోటు వ్రాయు అలవాటు తగ్గి, జాతీయ సమాచార కేంద్రము రూపొందించిన ఈ-ఆఫీసులో ఫైలు ఒక బల్ల నుండి మఱియొక బల్లకు పోవుచున్నదన్నచో, ఆ మార్గమున మొదటి మెట్టు గోడలోని ఈథర్‌నెట్ తీగయే.

అబ్రామ్‌సన్ 2020 డిసెంబరులోను, బాగ్స్ 2022 ఫిబ్రవరిలోను కాలధర్మము నొందిరి. కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము 2022వ సంవత్సరమునకు మెట్‌కాఫ్‌నకు లభించినది. నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డి గారు యంత్రములకు మానవుని మాట వినుట నేర్పిన కృషి మొదలగువానికై, ఫైగెన్‌బామ్‌తో కలిసి, 1994లో ఇదే పురస్కారము నందిరని తెలుగువారు జ్ఞాపకముంచుకొనదగును.

ఈ అర్ధశతాబ్దపు చరిత్రలో మొదట వేసికొన్న ప్రశ్నలకు సమాధానములు కలవు. పైన అధికారి లేకున్నను, ప్రతివాడును ముందు వినుట, తప్పు జరిగినపుడు వెంటనే ఆగుట, రద్దీలో తానే వెనుకకు తగ్గుట నేర్చుకొన్నచో క్రమము నిలుచును. అయితే ఆ నియమములు అందఱికిని ఒకటిగా ఉండవలెను. ఒక్కడు ఆగుట మానినచో సభ చెడును. విద్యను పంచియిచ్చినచో దాని మీది అధికారము పోవును గాని, ఆయువు పెరుగును. జిరాక్స్ కంపెనీ ఈథర్‌నెట్‌ను తన గదిలో దాచుకొనియున్నచో అది ఆల్టో యంత్రముతోనే ముగిసియుండెడిది. తలుపు తెఱచుటచే అది అందఱి ఇంటిది అయినది.